ఇరవై మూడు పుట్టుకథలు

ఈ కథలో ఒక్క అక్షరం కూడా నేను అల్లింది కాదు. అబద్ధమైతే నా పళ్ళన్నీ ఈ పూటే రాలిపోవాలి.

ఆ మధ్యాహ్నం కుండపోత వాన. ప్రెస్ ఓనరు గారమ్మాయి, తను తడిసినా చున్నీ కింద కాగితాలు తడవకుండా పట్టుకుని లోపలికొచ్చింది. అవి ఆమె రాసిన 'ఇంగ్లిష్ జాతీయాలు: అర్థాలు, పుట్టుకథలు' ఆఖరి ప్రూఫులు.

"గంటలో మిషనెక్కుతుందండీ! మీరు వెతికిచ్చిన పుట్టుకథలే దీనికి ప్రాణం" అంది.

ఆ పేజీలు కూర్చిన కంపోజిటర్ కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు. వెతికిందెక్కడ? మొదటిదానికే నిఘంటువు 'మూలం తెలియదు' అని చేతులెత్తేసింది. ఆమె ముందు చిన్నబోలేక అప్పటికప్పుడు ఒకటి అల్లాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకొకటి అల్లాడు. అలా ఇరవై మూడయ్యాయి.

"ఆపించండి" అన్నాడు.

"ఏంటి ఆపేది?"

"'కోల్డ్ ఫీట్' అంటే ఆఖరి నిమిషంలో జంకడం. అంతవరకే నిజం. చెప్పులు పోగొట్టుకుని మంచులోంచి పారిపోయిన పెళ్ళికొడుకు నా కల్పన. 'స్పిల్ ద బీన్స్' అంటే గుట్టు బయటపెట్టడం. చిక్కుడుగింజల్లో ప్రేమలేఖ దాచిన వంటమనిషీ నా కల్పనే."

ఆమె గబగబా ప్రూఫులు తిరగేసింది. "ఇంకా?"

"అన్నీనండీ."

"ఇరవై మూడూనా!" కుర్చీలో కూలబడింది. "నోరు మూసుకునుంటే ఎవరికీ తెలిసేది కాదుగా. ఇప్పుడెందుకు చెప్పారు?"

"అట్ట మీద మీ పేరుందిగా."

ఆమె ఎర్రపెన్ను తీసి ఇరవై మూడు చోట్లా రాసింది: 'మూలం తెలియదు. కథ మా కంపోజిటర్ అల్లింది.' అట్ట మీద తన పేరు పక్కన అతని పేరు చేర్చింది.

"నా... నా పేరా?"

"ఏం, నా పక్కనుండాలంటే కోల్డ్ ఫీటా?"

"ఆ రెండు పేర్లూ శుభలేఖలోకి కూడా పనికొస్తాయేమో ముందే చెప్పండర్రా" అంది తలుపు దగ్గర ఓనరు గారి గొంతు. "మళ్ళీ మళ్ళీ కంపోజ్ చేయించలేను."

ఆమె పకపకా నవ్వి తలూపింది. అతను కీబోర్డు మీద చెయ్యేశాడు. శుభలేఖే ముందు కొట్టాడు.

అంతా నిజమే, వాన తప్ప. ఆ రోజు ఎండ మాడ్చేసింది. వాన లేని ప్రేమకథ మీరు చదవరేమోనని నేనే కురిపించాను.

పళ్ళంటారా? కట్టుడువి. రాలితే మళ్ళీ పెట్టుకుంటాను.