పంతొమ్మిది సెకన్లు

ఆ రోజు పొద్దున్న వంటింటి తలుపు గొళ్లానికి నల్లదారం కట్టి ఉంది.

గుమ్మంలో చెప్పులు విడుస్తూనే కూతురు దాన్ని చూసింది. సంచిలో తను రాసిన పుస్తకం కాపీలు రెండున్నాయి, ఒకటి అమ్మకి, ఒకటి నాన్నకి. ఇరవై ఒక్కేళ్లయింది ఆ గొళ్లానికి దారమన్నది కట్టి. సంచి దించకుండానే గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

తల్లి ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతోంది. పొడుగైనవి పొట్టి చేయడం, బిగుతైనవి వదులు చేయడం, చిరిగినవి చిరిగినట్టు తెలియకుండా కుట్టడం ఆవిడ పని. ఆ వీధిలో ఎవరి నడుం ఏ ఏడు ఎంత పెరిగిందో ఆవిడ నోటికి చెబుతుంది. తండ్రి, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, కిటికీ పక్కన పేపరు పరుచుకున్నాడు. పేజీ మాత్రం తిప్పడం లేదు.

"అమ్మా, ఆ దారమేంటి?"

"నల్లదారం. కనబడటం లేదూ?"

"నాన్నా, ఏమైంది?"

ఆయన పేపరు మీదికి ఇంకాస్త వంగాడు.

ఇంట్లో ఈ కూతురికి 'టపా' అని పేరు. పెట్టింది మేనత్త. ఊరికే పెట్టలేదు. ఆరో ఏటి నుంచి పదిహేడో ఏటి దాకా, అంటే పదకొండేళ్లు, అమ్మానాన్నల మధ్య మాటలు మోసింది ఈ పిల్లే. "మీ నాన్నకి చెప్పు, గ్యాస్ అయిపోయిందని." "మీ అమ్మకి చెప్పు, రేపు తెల్లారే డ్యూటీ ఉందని." ఇద్దరూ ఒకే గదిలో నాలుగడుగుల దూరంలో ఉండి అనే మాటలివి. పిల్ల బడికి వెళ్లినప్పుడు ఆ పని దారం చేసేది. గొళ్లానికి తెల్లదారం ఉంటే భోజనం సిద్ధం. నల్లదారం ఉంటే ఇటు రావద్దని. పిల్ల హాస్టల్‌కి వెళ్లాక మాటలు మోసే దిక్కులేక, ఆ మొగుడూ పెళ్లాం అవసరానికి నాలుగు ముక్కలు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ప్రేమ పుట్టి కాదు, టపా ఆగిపోయి.

అంత చూసిన పిల్ల పెద్దయ్యి ఏం చదివిందయ్యా అంటే, మనుషులు మనుషులతో ఎలా ఉంటారన్న చదువే చదివింది. సమాజశాస్త్రం. యూనివర్సిటీలో ఉద్యోగం. ఒకే కప్పు కింద ఉంటూ మాట్లాడుకోని దంపతుల మీద ఆరేళ్లు పరిశోధన చేసింది. నలభై ఇళ్లకి రికార్డరు పట్టుకు తిరిగి పుస్తకం రాసింది. ఆ నలభైలో ఒకటి తన ఇల్లే. ఆ ముక్క పుస్తకంలో ఎక్కడా లేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఇన్ని కాపురాలు విప్పి చూపినావిడకి తన ఇంట్లో ఏం జరగబోతోందో తట్టలేదు.

తల్లి మిషన్ సొరుగు లాగి పుస్తకం బల్లమీద పడేసింది. మధ్యలో ఒక పేజీ మూల మడిచి ఉంది.

"ఇది మీకెలా వచ్చింది? నేనే ఇద్దామని..."

"మీ అత్త పంపింది. పేజీ మడిచి మరీ, మీ నాన్న పేరు మీద. మూడు రోజులైంది. ఆ రోజు నుంచి మీ నాన్న నోట మాట లేదు."

టపా సంచి కింద పెట్టేసింది. "అత్తకెలా తెలుస్తుందమ్మా? పేర్లు మార్చాను. ఊరు మార్చాను. నిన్ను స్కూలు టీచర్ని చేశాను, నాన్నని రైల్వే గుమాస్తాని చేశాను. ఎవరూ పోల్చుకునే వీల్లేకుండా..."

"దారం మార్చావా?"

టపా చూపు వంటింటి గొళ్లం వైపు వెళ్లింది.

"స్కూలు టీచరమ్మ తలుపుకి దారం కట్టడమేంటే? సుద్దముక్కతో గీత గీసిందన్నా నమ్మేదాన్ని. మీ అత్త వచ్చినప్పుడల్లా ఆ దారం చూసి నవ్వేది. చదివిన అరగంటలో ఫోను. 'వదినా, నీ కథ భలే రాసింది నీ కూతురు' అని. ఇన్నాళ్లూ ఈ ఇంటి గుట్టు నేను పంటి బిగువున దాచాను. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందంటారు. నా కడుపు నా కూతురే చించింది."

దారం పొరపాటున మిగిలిపోయింది కాదు. పుస్తకం దిద్దినావిడ కూడా అడిగింది, ఇది మార్చేద్దామా, ఎవరైనా గుర్తుపడతారేమో అని. అధ్యాయానికంతటికీ ప్రాణం అదేనని టపాయే ఉంచేసింది. అంత మంచి వివరం వదులుకోవడానికి మనసు రాలేదు. ఆ సంగతి ఇప్పుడు అమ్మతో చెప్పడానికి నోరు రాలేదు.

"పుస్తకంలో రాసుకోవచ్చని కాగితం మీద సంతకం పెట్టావు కదమ్మా," అంది చివరికి. అంటున్నప్పుడే ఆ మాట ఎంత చవకో తెలిసింది.

"పెట్టాను. చదవలేదు. ఎందుకు చదవలేదో తెలుసా? వరసగా మూడు ఆదివారాలు వచ్చావే నువ్వు. హాస్టల్‌కి వెళ్లిన నాటి నుంచి అన్ని ఆదివారాలు వరసగా ఎప్పుడొచ్చావు? పక్కన కూచుని, 'తర్వాతేమైందమ్మా, అప్పుడు నీకేమనిపించిందమ్మా' అని అడిగావు. జన్మలో నన్నెవరూ అలా అడగలేదు. నా కూతురు నాకోసం వచ్చిందనుకున్నాను. సంతకమేంటి, ఆ రోజు ప్రాణం అడిగినా ఇచ్చేదాన్ని."

"నీకోసం కూడా వచ్చానమ్మా..."

"'కూడా'!" తల్లి పుస్తకం తెరిచి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో మాటా విడదీసి చదివింది. "'బిడ్డ పోయిన మూడోరోజు, నీ చేతుల్లో ఏదీ నిలవదు అన్నారు. ఆ తర్వాత ఆ మనిషితో మాట్లాడబుద్ధి కాలేదు.' దీని పక్కన బ్రాకెట్లో, 'మౌనం, పంతొమ్మిది సెకన్లు'. ఏంటే ఇది?"

"అది మా పద్ధతి. మనిషి మాట్లాడుతూ ఎక్కడ ఆగిపోయారో, ఎంతసేపు ఆగారో రాస్తాం. మౌనం కూడా ఏదో చెబుతుంది కదా అని. మధ్యలో మేం కల్పించుకోకూడదు..."

"అప్పుడు నేను నీ మొహం చూశానే." తల్లి కళ్లజోడు తీసేసింది. "పుట్టి పోయిన బిడ్డ గురించి ముప్పై ఏళ్లకి మొదటిసారి నోరు విప్పాను. ఏడుపు మింగుకుంటూ నీ మొహం చూశాను. నువ్వు ఆ రికార్డరు డబ్బా మీద పరిగెత్తే అంకెలు చూస్తున్నావు. ఒక్క చెయ్యి వేస్తావనుకున్నాను."

టపాకి గుర్తొచ్చింది. నిజంగానే అంకెలు చూసింది. ఎంత మంచి మౌనం, ఎవరూ పాడుచేయకపోతే బాగుండు అనుకుంది కూడా. తలెత్తి అమ్మ వైపు చూడలేకపోయింది.

కిటికీ దగ్గర పేపరు గలగలలాడింది.

"టపా," అన్నాడు తండ్రి. మూడు రోజుల తర్వాత వచ్చిన గొంతు బొంగురుగా ఉంది. "మీ అమ్మనడుగు. ఆ మాట నేను నిజంగా అన్నానా అని."

తల్లి పుస్తకం మూసి బల్లమీద పెట్టింది.

"ఆ రోజు బస్సు మధ్యలో వదిలేసి ఆసుపత్రికి రాలేకపోయాను. నిండా జనం ఉన్నారు, దించి రాలేను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. రాలేదన్న కోపంతో మాట్లాడటం లేదనుకున్నాను. పదకొండేళ్లూ అదే అనుకున్నాను. ఈ మాట..." ఆయన పుస్తకం వైపు చూపించాడు, "నాకు గుర్తే లేదు."

"గుర్తు లేదా?" తల్లి నవ్వింది. ఆ నవ్వు వినడం కన్నా ఆవిడ కేకలు వేసినా నయమనిపించింది టపాకి. "విన్నావుటే? రోజూ పడుకునేముందు ఆ మాట తల్చుకుని పడుకున్నాను. అన్న మనిషికి గుర్తే లేదట."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. జారిన సంగతే తెలియని వాడు ఏం తీసుకుంటాడు? ఆ ముసలాయన మొహం చూస్తే టపాకి ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకపోయింది.

"మీ అమ్మకి చెప్పమ్మా..." అన్నాడాయన.

పదకొండేళ్ల అలవాటు. టపా తల అప్పటికే అమ్మ వైపు తిరగబోయింది. ఇన్ని మాటలు మోసింది తను, గ్యాస్ గురించీ డ్యూటీ గురించీ. మోయాల్సిన ఆ ఒక్క మాటా ఎవరూ తన చేతిలో పెట్టలేదు. తీరా పెట్టిన రోజున తను దాన్ని ఇంట్లో ఇవ్వకుండా లోకానికంతా పంచింది.

"నేను చెప్పను నాన్నా. నువ్వే చెప్పు."

ఆయన లేచి వచ్చి మిషన్‌కి ఇవతల నిలబడ్డాడు. అరచేతులు ప్యాంటుకి రాసుకున్నాడు.

"నేను అనలేదని వాదించను," అన్నాడు భార్యతో. "నువ్వు విన్నానంటే అన్నట్టే. పశువులా అన్నాను. బిడ్డ నీ చేతుల్లో పోలేదు. నీ తప్పేం లేదు. అప్పుడే చెప్పాల్సిన మాట ఇది."

తల్లి జవాబివ్వలేదు. ప్యాంటు అంచుకేసి చూస్తూ ఉండిపోయింది. గదిలో ఎవరూ కదల్లేదు.

ఒకటి, రెండు, మూడు... టపా లోపల ఎవరో లెక్కపెడుతున్నారు. ఏడు దగ్గర ఆ లెక్కపెట్టేది తనేనని తెలిసింది. గబగబా వెళ్లి అమ్మ పక్కన నేలమీద కూలబడి, ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసింది. సూదిపోట్లకి గరుకుబారిన వేళ్లవి. తల్లి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాగని పట్టుకోనూ లేదు.

చాలాసేపటికి తల్లే అడిగింది. "ఎన్ని సెకన్లయిందే?"

"ఏడు దాకా లెక్కపెట్టానమ్మా." టపాకి అబద్ధం చెప్పాలనిపించలేదు. "తర్వాత మానేశాను."

అప్పుడు ఏడ్చింది తల్లి, మొహం దాచుకోకుండా, వీధిలో వాళ్లకి వినిపిస్తుందేమోనన్న భయం లేకుండా. టపా ఆ చేతి మీద తల ఆనించి ఏడ్చింది. ఆయన నిలబడ్డ చోటే నిలబడ్డాడు. వెళ్లిపోకుండా ఉండటం తప్ప ఆయనకి ఇంకేం చేయాలో తెలియలేదు.

కాసేపటికి తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. "మధ్యాహ్నానికి ఈ ప్యాంటు ఇవ్వాలి," అంది. తర్వాత తల ఎత్తకుండానే, కూతురితో కాకుండా సూటిగా ఆయనతో, "ఆ కత్తెర ఇలా ఇవ్వండి," అంది.

ఆయన ఇచ్చాడు. ఆవిడ ప్యాంటు దారం కత్తిరించి మళ్లీ కుట్టు మొదలుపెట్టింది. వంటింటి గొళ్లానికి ఉన్న నల్లదారం మాత్రం ఆ రోజుకి ఎవరూ విప్పలేదు.