తేమ చెప్పిన సాక్ష్యం

యంత్రం ఆవగింజంత తెల్లని పలుకు మీద సన్నని కాంతి పోస్తోంది. డాక్టర్ రుక్మాంగదం ఊపిరి బిగబట్టి తెరవైపు చూస్తున్నాడు. ఒక రాయి నకిలీదని తేలాలని అంతగా కోరుకున్న శాస్త్రవేత్త 2061లో మరొకడు లేడు.

ఆ పలుకు నాంచారమ్మది. ఆమె గనుల సర్వేయరు, డిగ్రీ కూడా పూర్తి చేయలేదు. నలభై ఏళ్ల క్రితం మూతబడ్డ బొగ్గుగనిలో గోడ మీంచి దాన్ని గీకి తెచ్చింది. బొగ్గులోని పైరైట్ అనే ఇనుము-గంధకాల రాయి గాలికీ నీటికీ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం బంకమట్టిని తిని అందులోని అల్యూమినియాన్ని లాగుతుంది. గోడ ఆరాక అల్యూమినియం సల్ఫేట్ తెల్లగా పూస్తుంది. మన ఇళ్లలోని పటికకు అది చుట్టమే. దానిలో ఇమిడిన నీటి అణువుల లెక్క మారితే ఖనిజమే మారిపోతుంది. నాంచారమ్మ పలుకులోని లెక్క ప్రపంచంలో మరి దేనికీ లేదు.

ముప్పై ఏళ్లు రాళ్లు పగలగొట్టినా రుక్మాంగదానికి ఒక్క కొత్త ఖనిజం దొరకలేదు. కడుపు మండిపోయింది. పరీక్షకు పంపమని ఆమె ఇచ్చిన పలుకుల పెట్టెను పది రోజులు తన అల్మారాలోనే ఉంచేశాడు. అయినా తర్వాత పరీక్షలో అది కొత్తదని తేలి ఆమె పేరు మోగిపోయింది. దాంతో పంతం పట్టి ఈ యంత్రం కట్టాడు. స్ఫటికంలోకి ఏ నీరు ఎప్పుడు చేరిందో ఇది చెబుతుంది.

జవాబు వచ్చింది. చివరి నీరు గనిలోది కాదు. నిరుడు జూలైలో, సున్నం గోడ చెమ్మలోంచి చేరింది. ఆ జూలైలో పెట్టె ఉన్నది సున్నం గోడకు ఆనించిన ఆయన అల్మారాలోనే. గనిలో దొరికింది మామూలు సల్ఫేటే, కొత్తది పుట్టింది ఆయన అసూయ దగ్గర.

ప్రకృతిలో పుట్టకుండా అల్మారాలో తయారైనదాన్ని ఖనిజమనరు. చెబితే తన నిర్వాకం బయటపడుతుంది. చెప్పకపోతే ఆమె గెలుస్తుంది. పరువు పోయినా ఫరవాలేదనుకుని, ఖనిజాల పేర్లు ఖాయం చేసే సంఘానికి నివేదిక పంపేశాడు. ఆ ముచ్చట తానే చెప్పాలని నాంచారమ్మను పిలిపించాడు.

ఆమె అంతా వింది.

"నిజం నిజమే గద సార్. పేరు పోయిందనే బాధ."

"ఏం పేరు పెట్టావు? ఖాయమయ్యేదాకా సంఘం బయటపెట్టదుగా."

"కనిపెట్టినోళ్లు తమ పేరు పెట్టుకోవద్దంట. నాకు రాళ్లు చదవడం నేర్పింది మీరే. రుక్మాంగదైట్ అని రాసి పంపిన."

నివేదిక వెనక్కి ఇమ్మని ఆయన సంఘానికి మూడు ఉత్తరాలు రాశాడు. నెల తిరక్కుండా తిరస్కరించిన పేర్ల పట్టిక అచ్చయింది. అందులో ఇలా ఉంది: రుక్మాంగదైట్. ఖనిజం కాదు. నిరూపించినవారు: డాక్టర్ రుక్మాంగదం.