ఏడో ఊపిరి

తెర మీద ఏడు గీతలు కదులుతున్నాయి. గని హాజరు మస్టరులో మాత్రం ఆరు పేర్లే ఉన్నాయి.

"మీ మిషనుకు లెక్క రాదు మేడమ్," అన్నాడు షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ కొమురయ్య. "గనిలకు దిగేటోడు తన నంబరు బిళ్ల తీస్కపోతడు, బయటికొస్తే మళ్ల బోర్డుకు తగిలిస్తడు. బోర్డు మీద లేని బిళ్లలు ఆరే."

గని పైకప్పు కూలి ఐదు గంటలైంది. కప్పు కూలిన చోటికి సరిగ్గా పైన, నేల మీద రాడార్ శాస్త్రవేత్త డాక్టర్ శ్యామల యాంటెన్నాను బోర్లించి పెట్టింది. పక్కన పెట్టెలో రెండు లేజర్లు. వాటి రంగుల్లో తేడా కంటికి ఆనదు. శ్రుతిలో రవ్వంత తేడా ఉన్న రెండు తీగలను కలిపి మీటితే నడుమ ఒక మూలుగు పుడుతుంది. అలాగే ఆ రెండు కాంతులూ చిన్న చిప్ మీద కలిసినప్పుడు వాటి తేడా మైక్రోవేవ్ సిగ్నల్ అవుతుంది. ఒక లేజర్‌ను కాస్త సవరిస్తే ఫ్రీక్వెన్సీ కావలసినట్టు మారుతుంది. మామూలు రాడార్ సిగ్నల్ తనకు తానే కొంచెం వణుకుతుంది. ఇది వణకదు. తిరిగి వచ్చినప్పుడు అందులో వణుకు ఉందంటే, అది కింద ఊపిరి తీస్తున్న మనిషిదే. తెర మీద ఒక్కో ఊపిరికి ఒక్కో గీత.

"ఆరుగురు ఒకచోట ఉన్నారు. ఏడో మనిషి దూరంగా, వాడకం ఆపేసిన పాత సొరంగం గ్యాలరీలో," అంది శ్యామల.

కార్మికులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్నాలుగేళ్ల కిందట ఇలాగే కప్పు కూలినప్పుడు ఓదెలు అనే కార్మికుడు ఉండిపోయింది ఆ గ్యాలరీలోనే.

"అది ఓదెలు దయ్యం. అటు మేం పోం," అన్నాడొకడు.

"బతికున్న మనిషయ్యా!" అంది శ్యామల. ఎవరూ కదల్లేదు.

ఓదెలు భార్య పోశక్క గుంపును తోసుకుంటూ వచ్చింది. "అప్పుడు లేడన్నరు. పీనుగను గూడ ఇయ్యకపోతిరి. ఇప్పుడు మిషను ఉన్నడంటున్నది. తవ్వుండ్రి."

"పద్నాలుగేండ్లు ఊపిరి ఎట్లుంటది పోశక్కా?" అన్నాడు కొమురయ్య.

"మొండోడు ఆయన. నాతోటి పంచాయితైతే నెల రోజులు నోరు తెరవకపోయేటోడు. మీరు రాకుంటే నేనే పోత."

ఆమె గని మూతి వైపు నడిచింది. సిగ్గుపడి మగవాళ్లు వెంట నడిచారు.

సాయంత్రానికి ఆరుగురూ బయటికొచ్చారు. తర్వాత ఏడోవాడు వచ్చాడు. పొద్దుటి షిఫ్టు రాజలింగు. బయటికొస్తూ తన బిళ్లను దోస్తు చేతికిచ్చి తగిలించమని చెప్పి, మరిచిన టిఫిను గిన్నె కోసం వెనక్కి పోయాడు. కప్పు కూలినప్పుడు పాత గ్యాలరీలోకి పరుగెత్తాడు.

పోశక్క కొంగుతో అతని మొహం మీది బొగ్గు తుడిచింది. మళ్లీ చూసింది. ఓదెలు కాదు. వచ్చి యాంటెన్నా పక్కన కూలబడింది.

"ఇంకోపారి చూడు బిడ్డా."

ఎవరూ లేరని చెప్పబోయి శ్యామల ఆగిపోయింది. తెర మీద ఒక గీత సన్నగా కదులుతోంది. ఆమెకు వెంటనే అర్థమైంది. యాంటెన్నా అంచు నుంచి జారిన సిగ్నల్ పోశక్క ఛాతీకి తగిలి తిరిగొస్తోంది.

"ఉన్నడు," అంది పోశక్క. ఇంకా బాగా విందామని ఊపిరి బిగబట్టింది.

గీత చదునైపోయింది. ఆమె అదిరిపడి గట్టిగా ఊపిరి పీల్చింది. గీత మళ్లీ లేచింది.

"సూసినవా? ఇప్పటికీ నన్ను బెదిరిస్తడు."

"పోశక్కా, అది..." అంటూ శ్యామల వెనక్కి తిరిగింది.

ఈసారి కొమురయ్య మిషను లెక్కను కాదనలేదు. అతని వెనక ఐదుగురు టోపీలు పెట్టుకుని, బోర్డు మీంచి ఒక్కొక్క బిళ్లా తీసుకుంటున్నారు. లోపల గని కప్పు ఇంకా రాలుతూనే ఉంది.

గీత ఆరిపోతే వాళ్లు దిగరు. శ్యామల చెయ్యి లేజర్ స్విచ్ మీదికి వెళ్లింది.

పోశక్క ఆ మణికట్టును పట్టుకుంది. "ఆపకు బిడ్డా. ఊపిరాడనియ్యి."