రోడ్డు మధ్య గుమ్మం

కొత్త రోడ్డు మీద మూడో లైటు స్తంభం దగ్గర చీకటి పడ్డాక ఎవరూ నడిచేవాళ్లు కాదు. నడిరోడ్డు మీద ఒకావిడ కూర్చుని ఉంటుందట... బండి వచ్చినా కదలదట.

రాజధాని అన్నాక రోడ్డు దారం పట్టినట్టు తిన్నగా ఉండాలని పెద్దలు పంతం పట్టారు. వాళ్ల సొమ్మేం పోయింది! గీత గీసింది కాగితం మీద. కూలింది జనం ఇళ్లు.

కూలగొట్టేవాళ్లకంటే ముందు నడిచి, ఇళ్లు ఖాళీ అయ్యాయో లేదో చూడ్డం సర్వేయరు పని. తాళం ఉన్నా సరే, మూడుసార్లు తలుపు తట్టాలి. పలుకు లేకపోతేనే సుద్దతో 'ఖాళీ' అని రాయాలి. సందులో జనానికి కూల్చేది రేపు అని చెప్పి, మంత్రిగారు వస్తున్నారని ఇవాళే దిగారు. ఎండ మాడ్చేస్తోంది. ఓ ఇంటికి తాళం కనబడింది. 'ఖాళీ' అని రాసేసి ముందుకి పోయాడు సర్వేయరు.

ఆ సందులో రాత్రి డ్యూటీ వాళ్లెక్కువ. పగలు మొగుడు పడుకుంటే, ఎవరూ నిద్ర చెడగొట్టకుండా పెళ్లాం బయట తాళం వేసి పనికి పోయేది. సందంతటికీ తెలుసు. సర్వేయరుకే తెలీదు.

గోడల కింద మనిషి దొరికాడు. "మూడుసార్లు తట్టాను సార్" అన్నాడు సర్వేయరు విచారణలో. ఉద్యోగం నిలబడింది. తప్పంతా తాళం వేసినావిడ నెత్తిన పడింది.

ఏడాదికి దెయ్యం పుకారు ముదిరింది. "వెళ్లి చూసి, ఏమీ లేదని రాసుకురా" అన్నాడు ఆఫీసరు సర్వేయరుతో. కాదంటే అనుమానం వస్తుంది. ఆ రాత్రే వెళ్లాడు.

ఒకటో స్తంభం... రెండోది... మూడోది — ఉంది. దగ్గరికెళ్లి చూశాడు. దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. చచ్చిపోయినవాడి పెళ్లాం. తన గుమ్మం ఉన్నచోట కొంగు పరుచుకుని కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాడు వెధవ.

విచారణలో చూసిన మొహమే కాబట్టి ఆవిడ గుర్తుపట్టింది.

"నువ్వా బాబూ..." అంది. "తాళం వేసి నా మనిషిని నేనే చంపుకున్నానా అని ఏడాదిగా కుమిలి చస్తున్నాను. నిజం చెప్పు. ఆ రోజు తలుపు తట్టావా?"

ఒక్కమాట చెబితే ఆవిడ ప్రాణం కుదుటపడేది. చెబితే వీడి ఉద్యోగం పోయేది.

"తట్టానమ్మా" అన్నాడు. "మూడుసార్లు."

ఆవిడ తల వాల్చేసింది.

అప్పుడు — వాళ్ల కాళ్ల కింద, రోడ్డు లోపల్నుంచి — నిద్ర మత్తు వదలని మగగొంతు, నెమ్మదిగా...

"లేదే... ఎవరూ తట్టలేదు."