రోడ్డు కన్నా దిగువన

ఆ ఇల్లు కట్టిన కొత్తలో వీధిలోంచి రెండు మెట్లెక్కి లోపలికి వెళ్ళేవారు. ఇప్పుడు రోడ్డు మీంచి రెండు ఎత్తు మెట్లు దిగి వెళ్ళాలి. ఇల్లేమీ కుంగలేదు. పాత తారు గీకకుండా పొర మీద పొర వేసి రోడ్డునే లేపేశారు. ఆ లేపిన ఘనుడు ఇంటి యజమానే. ముప్పై ఏళ్ళు రోడ్డు మేస్త్రిగా చేసి, గడువుకన్నా ముందే పని ముగిస్తాడని పేరు తెచ్చుకున్నాడు.

ఆ ఉదయం ఆయన టీ తాగుతుంటే పైన రోలర్ చప్పుడు వినిపించింది. ఇప్పుడా పనికి సూపర్‌వైజరు ఆయన కూతురే. హెల్మెట్ చంకన పెట్టుకుని మంచినీళ్ళ కోసం దిగి వచ్చింది.

"పాత పొర గీకించావా?" అడిగాడు మేస్త్రి.

"లేదు నాన్నా. గీకే మిషను పదిరోజులకి గానీ రాదట. అంతవరకూ ఆగేది లేదన్నారు పైవాళ్ళు. వేసేస్తున్నాం."

"ఇంకో బెత్తెడు లేస్తుందే! వానొస్తే నీళ్ళన్నీ మన నట్టింట్లోకే. బుద్ధుందా నీకు?"

"నీ బుద్ధే వచ్చింది," అంది కూతురు. "గీకుతూ కూర్చుంటే తెల్లారినట్టే, పైన పోసెయ్ అని నేర్పిందెవరు? నువ్వు ఆరుసార్లు పోస్తే గొప్ప, నేను ఒక్కసారి పోస్తే తప్పా?"

"మీ అమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతి తెలిసే అంటున్నావా ఈ మాట?"

"నీకు తెలుసా నాన్నా?"

కిటికీ దగ్గర కుర్చీలో తల్లి కూర్చుని ఉంది. అక్కణ్ణుంచి ఆమెకు కనిపించేవి వచ్చేపోయేవాళ్ళ కాళ్ళే.

"ఎందుకా అరుపులు?" అందామె. "నేను గడప దాటి రెండేళ్ళయింది. ఆ మెట్లెక్కలేక మానేశాను. ఎందుకు రావట్లేదని మీలో ఒక్కరైనా అడిగారా?"

మోకాళ్ళ నొప్పులని తెలిసినా, బజారుకి రానంటే బద్ధకమనుకున్నాడు మొగుడు. పిన్ని ఇంటికి రానంటే అలక అనుకుంది కూతురు. మేస్త్రికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"పద, నేను తీసుకెళ్తా," అని లేపబోయాడు. ఒక్కడివల్ల కాలేదు. కూతురు రెండో వైపు పట్టుకుంది. మెట్టు మెట్టుకీ తల్లి పళ్ళ బిగువున బాధ ఓర్చుకుంది.

రోడ్డంచున నిలబడి అటూ ఇటూ చూసింది. "ఎదురింటివాళ్ళు గోడకి రంగు మార్చారే," అంది. అంతలోనే కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

తారు మిషను దగ్గరికొచ్చేసింది. కూతురు చెయ్యెత్తి ఆపమంది.

"ఎంతసేపు ఆపుతావే పిచ్చిదానా? తారు చల్లారిపోదూ?" అంది మేస్త్రి భార్య. "దింపండి నన్ను."

దింపారు. కుర్చీలో కూర్చోబెట్టి, మేస్త్రి ఆమె కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"తప్పంతా నాదే."

"తెలుసు," అని అతని తల ఒళ్ళోకి తీసుకుందామె. గుమ్మంలో రాయిలా నిలబడిపోయిన కూతురితో, "వెళ్ళమ్మా, అక్కడ మనుషులు నీకోసం ఆగి ఉన్నారు," అంది.

కూతురు హెల్మెట్ పెట్టుకుంది. ఏడుస్తూనే మెట్లెక్కి, మిషను ముందుకు నడపమని చెయ్యి ఊపింది.