మాయమైన మైనపు బిళ్ల

ఉదయం 10:40కి బల్ల మీదున్న మైనపు బిళ్ల 10:55కి లేదు.

గుంటూరులోని ఓ ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబ్ అది. బిళ్లలో ఉన్నది జక్రయ్య అనే రోగి పెద్దపేగు గడ్డ ముక్క. హైదరాబాద్ పంపి జీన్ ఎక్స్‌ప్రెషన్ చూడాలి. ఏ జన్యువు ఎంత జోరుగా పనిచేస్తోందో కొలిస్తే, జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎంతో తెలుస్తుంది. ఎక్కువని తేలితేనే కీమో, అదీ ఎనిమిది వారాల్లోపు మొదలుపెట్టాలి. ఆపరేషన్ అయి ఏడో వారం. గడ్డ ఉన్న బిళ్ల అదొక్కటే.

“ఈ అమ్మాయే పారేసింది! అరెస్ట్ చేయండి,” టెక్నీషియన్ యాస్మిన్‌ను చూపిస్తూ అరిచాడు డాక్టర్ త్రినాథ్. రోగి ప్రాణం కన్నా ఆసుపత్రి పేరు మీదే ఆయన బెంగంతా.

ఎస్సై మాధురికి అరిచేవాళ్లంటే ఒళ్లుమంట.

“మీరు కాసేపు ఆగండి. యాస్మిన్, బయటికెందుకు వెళ్లావు?”

“కొరియర్ వాళ్లు ఫోన్ చేశారండి. పావుగంటే.”

“ఇక్కడెవరున్నారు?”

“కారిడార్‌లో వీళ్లిద్దరేనండి.”

జక్రయ్య తమ్ముడు ఏసుబాబు. జక్రయ్య భార్య రెబ్కా.

“ఏం పనిరా నీది?”

“మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ మేడం. మా అన్న పేగుతో నాకేం పని?”

“నువ్వమ్మా?”

“మిరపకాయల తొడిమలు తీస్తా. పని మధ్యలో వచ్చా. ఇంకేం కావాలి?” రెబ్కా కసిరింది.

బిళ్ల ఉంచిన డబ్బా ఖాళీగా ఉంది, దాని మీద నూనె మరక. యాస్మిన్ తలనూనె అని డాక్టర్ ఎప్పుడో తేల్చేశాడు. మాధురి వేలితో తడిమింది. గ్లోవ్స్ వేసుకోకపోవడం తప్పే. చెమట తుడుచుకోబోతే ఆ వేలు కంటికి తగిలింది. కన్ను భగ్గుమంది.

కడుక్కుని వచ్చింది.

“తలనూనె ఇంత మండుతుందా డాక్టర్ గారూ? తొడిమలు తీసేవాళ్లు చేతులు మండకుండా నూనె రాసుకుంటారు. కారమంతా ఆ నూనెలోకే దిగుతుంది. మరకను అందరూ చూశారు, ఎవరూ ముట్టుకోలేదు. రెబ్కా, బిళ్ల తియ్యి.”

రెబ్కా కొంగుముడి విప్పింది.

“అది చూసి ఆయనెప్పుడు పోతాడో చెప్తారంటగా! ఆ మాట ఇనపడితే మా ఆయన కూడు మానేస్తాడు.”

“ఎవరన్నారు?”

“మా మరిది. ఈ డాక్టరు నాతో మాట్లాడితేగా!”

మాధురికి జాలేసింది. దాన్నీ కోపంగానే చూపించింది.

“చావు తేదీ చెప్పే పరీక్ష కాదిది. తిరగబెట్టేలా ఉంటే మందు ఇమ్మంటుంది. ఈ బిళ్ల హైదరాబాద్ చేరకపోతే ఆ మందే రాదు. కాపాడుకుంటున్నాననుకుని మొగుణ్ణి చంపుకోబోయావు.”

రెబ్కా మొహం పాలిపోయింది. డాక్టర్ చెయ్యి చాచాడు. ఆమె బిళ్లను యాస్మిన్‌కిచ్చింది.

“పంపమ్మా. తిరగబెట్టిద్దనే వస్తే, ఆ మాట ఆయనకి నేనే చెప్తా. మీలో ఎవరన్నా ఆయన ముందు నోరెత్తారో, ఊరుకోను.”