చివరి గదిలో రెండు దెబ్బలు

మా రికార్డింగ్ స్టూడియోలో చివరి గదికి మంచి పేరు లేదు. బయటి శబ్దం లోపలికి రాదు, లోపలి శబ్దం బయటికి పోదు. అలాంటి గదిలో ఒంటరిగా కూర్చుంటే... టక్... టక్... అని వినిపిస్తుందనేవారు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది, అది వేరే సంగతి.

ఆ చప్పుడు వింటే అందరికీ పెద్దావిడే గుర్తొచ్చేది. ఆవిడ కథలు చదివి రికార్డు చేసేది. చదువుతూ తడబడితే ఆగి, పెన్సిల్‌తో బల్ల మీద రెండు దెబ్బలు వేసి, ఆ వాక్యం మళ్ళీ చదివేది. ఎడిటింగ్ చేసే ఆవిడ మేనకోడలు ఆ దెబ్బల గుర్తు పట్టుకుని తప్పు ముక్క కత్తిరించేది.

పెద్దావిడ పోయింది. దెబ్బలు ఆగలేదు. పైగా ఆ గదిలోని కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. ఫైళ్ళు ఓసారి కనిపించి ఓసారి మాయమయ్యేవి. "నా గొంతు ముట్టుకోవద్దంటోంది ఆవిడ" అని మావాళ్ళు తీర్మానించేశారు. దాంతో ఆవిడ చివరగా చదివిన కథలు ఆ కంప్యూటర్లోనే ఉండిపోయాయి. ఇంకెక్కడా కాపీ లేదు.

ఒక సాయంత్రం మేనకోడలు మనసు గట్టి చేసుకుని లోపలికి వెళ్ళింది. తర్వాత జరిగింది ఆమె నాకు చెప్పిందే.

తలుపు వేసుకుని కంప్యూటర్ ఆన్ చేసింది. టక్... టక్... టక్...

లేచి తలుపు పిడి తిప్పింది. పిడి ఊడి చేతిలోకొచ్చింది.

అరిచింది. తలుపు బాదింది. బయట ఎవరికీ వినపడదని ఆమెకి తెలుసు. ఫోన్ బయటే ఉంది — ఆ గదిలోకి ఫోన్ తేకూడదని మా రూలు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది.

టక్... టక్... టక్...

ఏడుపు దిగమింగుకుని చెవి పెట్టి విన్నది. వినడమే కదా ఆమె పని. అత్త ఎప్పుడూ రెండే కొట్టేది. ఇవి మూడేసి. వంగి చూసింది — బల్ల కింద కంప్యూటర్ పెట్టెలోంచి. చెయ్యి ఆనిస్తే ప్రతి దెబ్బకీ అదురుతోంది.

దెయ్యం కాదు... హార్డ్ డిస్క్. బిగుసుకుపోవడం, ఫైళ్ళు మాయమవడం, ఈ చప్పుడు... పోయే ముందు అది చెబుతూనే ఉంది. మేమే దెయ్యమని పేరు పెట్టి పారిపోయాం. ఆమెకి ఒక భయం పోయి, అంతకన్నా పెద్దది పట్టుకుంది.

ఆ కంప్యూటర్లోంచే నాకో మెసేజ్ పెడితే బయటపడచ్చు. కానీ ఇంకో పని చెబితే డిస్క్ అక్కడికక్కడే పోవచ్చు. అత్త గొంతు దాంతోపాటే పోతుంది. కాసేపు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి కథలు కాపీ చెయ్యడం మొదలుపెట్టింది.

"కాస్త ఓపిక పట్టు అత్తా..." అని గొణిగింది.

తెర మీద గీత పాకింది... ఆగింది... మళ్ళీ పాకింది. చాలాసేపటికి కాపీ పూర్తయిందని చూపించింది. పెన్‌డ్రైవ్ లాగబోయింది.

టక్. టక్.

రెండే. అదీ పెట్టెలోంచి కాదు — మైకు పక్కన, బల్ల మీంచి.

చెయ్యి ఆగిపోయింది. కాపీ అయినవి ఒక్కొక్కటే తెరిచి చూసింది. అన్నీ ఉన్నాయి... ఆఖరి కథ తప్ప. పేరుంది, లోపల ఏమీ లేదు. దాన్ని మళ్ళీ కాపీ చేసింది. ఈసారి వచ్చింది. ఆ వెంటనే పెట్టెలో కీచుమని చప్పుడు... తర్వాత ఏమీ లేదు.

ఇంటికి బయల్దేరుతూ గది ముందు ఆమె చెప్పులు చూసి తలుపు తీసింది నేనే. ఒళ్ళంతా చెమట. పిడికిట్లో పెన్‌డ్రైవ్.

మర్నాడు మెకానిక్ డిస్క్ చూసి, "నెలల తరబడి మొత్తుకుని ఉంటుందండీ పాపం" అన్నాడు. మా భయాలకి మేమే నవ్వుకున్నాం. ఆ రెండు దెబ్బల సంగతి అడిగితే, "కంగారులో అలాగే వినిపిస్తుంది లెండి" అన్నాడు. నేనూ సరేననుకున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆఖరి కథ విన్నాం. పెద్దావిడ ఎక్కడా తడబడలేదు. కథ అయిపోయింది. పెన్సిల్ బల్ల మీద పెట్టిన చప్పుడు... ఆ తర్వాత, బాగా అలిసిన గొంతుతో—

"ఈ ఒక్కటీ జాగ్రత్తగా చూసుకోమ్మా... మళ్ళీ చదవలేను."